గోడ మీద వెలుగుని వదలని కుక్క: ఏం చేయాలి, ఏం చేయకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ ఇంట్లో రెండేళ్ల ఆడ జర్మన్ షెపర్డ్ ఉంది, మీది అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. ఏడాది కిందట పిల్లలు లేజర్ లైట్‌తో ఆడించారు. ఇప్పుడు లేజర్ లేకపోయినా గోడ మీద ఏ వెలుగు పడినా, ఫ్యాన్ నీడ కదిలినా దాని వెంటే పడుతోంది, గోడని గోకి గోకి ముందరి కాళ్ల గోళ్ల దగ్గర రక్తం వస్తోంది, పిలిస్తే వినదు, గిన్నెలో అన్నం పెట్టినా చూడదు. ఒకరు షాక్ కాలర్ (మెడకి కరెంటు షాక్ ఇచ్చే పట్టీ) కొనమన్నారు, ఇంకొకరు ఒక్కసారి పిల్లలు పెడితే అదే సర్దుకుంటుందన్నారు, మీ అత్తగారు ఊళ్లో తోటకి పంపేద్దాం అంటున్నారు. దీన్ని మాన్పించగలమా, కొట్టాలా, మందులేమైనా ఉన్నాయా అన్నది మీ ప్రశ్న.

చాలావరకు తగ్గించగలం. కొట్టకూడదు. మందులున్నాయి గానీ మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి కాదు. పరుగు మొదలయ్యాక దాన్ని ఎలా ఆపాలా అని చూడకండి, అసలు మొదలవకుండా ఇంటినీ రోజునీ ఎలా మార్చాలా అని చూడండి. నేను పదహారేళ్లుగా హైదరాబాద్‌లో ఇళ్లకి వెళ్లి కుక్కలకి ట్రైనింగ్ ఇస్తున్నాను. ఇలాంటి కేసుల్లో బాగుపడ్డవన్నీ ఈ దారిలో బాగుపడ్డవే.

ముందు వెట్ (పశువుల డాక్టర్), తర్వాతే ట్రైనర్. ట్రైనర్ని అయ్యుండి చెప్తున్నాను, దయచేసి ఈ వారమే తీసుకెళ్లండి. గోళ్ల దగ్గర పుండ్లకి ఎలాగూ మందు కావాలి. దాంతో పాటు, కుక్క ఒకే పనిని పట్టుకుని వదలట్లేదంటే అది మనసుకి సంబంధించిందే అని మనంతట మనం తేల్చేయకూడదు. తోక కొరుక్కునే కుక్కకి మలద్వారం పక్కనుండే గ్రంథులు నిండి సలుపుతూ ఉండొచ్చు, నడుం నొప్పి ఉండొచ్చు. అరికాళ్లు నాక్కునేదానికి చర్మం అలర్జీ ఉండొచ్చు. నేల, గోడలు, సోఫా అదేపనిగా నాకే 19 కుక్కల్ని కెనడాలో మాంట్రియల్ యూనివర్సిటీ పశువైద్యులు పరీక్షిస్తే వాటిలో 14 కుక్కలకి జీర్ణాశయంలోనో పేగుల్లోనో సమస్య బయటపడింది. మనం పాడు అలవాటని తిట్టిన చాలా కుక్కలు నిజానికి కడుపులో బాధతో అలా చేస్తున్నాయన్నమాట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి వెట్ చూడకుండా నేను ఏ కుక్కకీ పని మొదలుపెట్టను. గాలిలో లేని ఈగల్ని పట్టుకుంటున్నట్టు నోరాడించే కుక్కలుంటాయి, వాటిలో కొన్నిటికి అది ఫిట్స్‌లో ఒక రకం అవుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వీడియో తీసుకెళ్లండి. క్లినిక్ టేబుల్ మీద మీ కుక్క భయంతో బిగుసుకుని నిలబడుతుంది, ఇంట్లో చేసేది అక్కడ చేయదు. రెండు నిమిషాల వీడియో చాలు, కళ్లు, మూతి కనపడాలి, మధ్యలో ఒకసారి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. చెవి ఇటు తిరిగిందా, ఒక్క క్షణమైనా ఆగిందా, అసలు ఏమీ వినపడనట్టే ఉందా అనేది డాక్టర్‌కి బాగా పనికొస్తుంది. కళ్లు కూడా పరీక్ష చేయమని అడగండి.

ఇక వెలుగు సంగతి. కుక్కకి వేట అనేది వరసగా జరిగే పని: చూడటం, నక్కడం, తరమడం, నోటితో పట్టడం, కొరకడం. బంతితో ఆడినా, తాడు లాగినా చివరికి నోట్లోకి ఏదో ఒకటి వస్తుంది, అక్కడితో ఆ పని ముగుస్తుంది, కుక్క ఒళ్లు దులుపుకుని నీళ్లు తాగి పడుకుంటుంది. లేజర్‌లో ఆ చివరి ముక్క రాదు. ఎంత తరిమినా పంటికి ఏమీ దొరకదు. అందుకే కొన్ని కుక్కలు, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్, బోర్డర్ కోలీ లాంటి పనికోసం పెంచిన జాతులు, లేజర్ ఆపేశాక కూడా దాన్ని వెతుకుతూనే ఉంటాయి. అది దొరకదు కాబట్టి దానికి దగ్గరగా కనపడే ప్రతి వెలుగూ వాటికి లేజరే. కాబట్టి లేజర్ ఇవాళే చెత్తబుట్టలో వేయండి. ఫోన్ టార్చ్‌తో ఆడించడం కూడా బంద్. చివర్లో ఒక బిస్కెట్ ఇస్తే ఫరవాలేదు అని కొందరు చెప్తారు, ఇప్పటికే ఈ పిచ్చి పట్టుకున్న కుక్క విషయంలో అది కూడా వద్దు.

పిల్లల్ని మాత్రం తిట్టకండి. వాళ్లు దాంతో ప్రేమగా ఆడుకున్నారు, వాళ్లకి చెప్పినవాళ్లు లేరు.

ఇప్పుడు నా దగ్గరికొచ్చిన ఒక కేసు వివరంగా చెప్తాను, మీ ఇంటికి బాగా దగ్గరగా ఉంది కాబట్టి. కూకట్‌పల్లి వైపు ఒక ఫ్లాట్, మూడున్నరేళ్ల మగ షెపర్డ్, పేరు బ్రూనో. సాయంత్రాలు గోడ ఎక్కేస్తున్నాడని పిలిచారు. ఇంట్లోవాళ్లు లేజర్ ఎప్పుడో పారేశారు, కర్టెన్లు వేశారు, అయినా రోజూ ఉంది. నేను మధ్యాహ్నం మూడింటికి వెళ్లి హాల్లో కింద కూర్చున్నాను, వాడితో ఏమీ మాట్లాడలేదు. మూడు నలభైకి, అప్పటిదాకా పడుకున్నవాడు లేచాడు. పూజ అల్మరా పక్కన గోడ ముందుకెళ్లి నిలబడ్డాడు. చెవులు ముందుకి, తోక కదలట్లేదు, మూతి మూసుకుని ఊపిరి బిగబట్టినట్టు. గోడ మీద ఏమీ లేదు, ఒట్టి గోడ. అయిదారు నిమిషాల తర్వాత సరిగ్గా అక్కడే రూపాయి బిళ్లంత వెలుగు ఒకటి వచ్చి వణకడం మొదలుపెట్టింది, దాని పక్కన ఇంకొకటి. బాల్కనీలోకి వెళ్లి చూస్తే ఎదుటి బ్లాక్‌లో పావురాలు రాకుండా గ్రిల్లుకి పాత సీడీలు దారంతో వేలాడదీశారు. పడమటి ఎండ ఆ సీడీల మీద పడి, బాల్కనీ తలుపు పైనున్న అద్దంలోంచి ఈ హాల్లోకి వస్తోంది. ఆ అద్దానికి కర్టెన్ లేదు.

ఆ కుక్క వెలుగు వచ్చాక పిచ్చెక్కట్లేదు. వెలుగు కోసం టైముకి ముందే లేచి ఎదురుచూస్తున్నాడు. రోజంతా వాడి బుర్రలో నడిచేది అదే. ఆ పైన అద్దానికి మసక స్టిక్కర్ అంటించాం, ఎదుటివాళ్లని అడిగితే మంచివాళ్లు, సీడీలు తీసి వల కట్టించుకున్నారు. ఆ తర్వాత కూడా దాదాపు మూడు వారాలు మూడు నలభైకి లేచి ఆ గోడ ముందు నిలబడేవాడు. నాలుగో వారంలో నిలబడటం తగ్గింది. వెలుగు తీసేసిన మాత్రాన బుర్రలోంచి వెంటనే పోదు, కానీ తీసేయకుండా ఏం చేసినా పోదు.

అందుకే మీరు చేయాల్సిన మొదటి పని నోట్‌బుక్ పట్టుకోవడం. ఒక వారం పాటు ఏ టైముకి, ఏ గదిలో, ఏ గోడ మీద, ఎంతసేపు, దానికి ముందు ఇంట్లో ఏం జరుగుతోంది, ఇవి రాయండి. స్టీలు కంచాలు, చేతి గడియారం, అద్దం బీరువా, ఫోన్ స్క్రీన్, కింద పార్కింగ్‌లో కారు అద్దం, అన్నీ అనుమానితులే. ఫ్యాన్‌కి పైగా ట్యూబ్‌లైట్ ఉంటే రెక్కల నీడ గదంతా తిరుగుతుంది, సాయంత్రం ఆ లైటు ఆపి, ఫ్యాన్ నీడ పడని పక్కన ఇంకో లైటు వేసుకోండి. ఎండ కోణం నెలనెలా మారుతుంది కాబట్టి జనవరిలో ప్రశాంతంగా ఉన్న గది ఏప్రిల్‌లో గొడవగా మారొచ్చు, మళ్లీ మొదటికొచ్చింది అని దిగులుపడకుండా కొత్త వెలుగు ఎక్కడినుంచి వస్తోందో చూడండి.

ఇది జబ్బా మామూలు ఆటా అనే అనుమానం కొందరికి ఉంటుంది. నేను చూసే గుర్తులు మూడు: కోడి కార్జం ముక్క మూతి ముందు పెట్టినా ఇటు తిరగట్లేదా, తిండీ నిద్రా తగ్గాయా, కారణం కనపడకుండానే మొదలవుతోందా. మీ కుక్కలో మొదటి రెండూ ఉన్నట్టు మీ మాటల్లోనే ఉంది. డాక్టర్లు దీన్ని కంపల్సివ్ డిజార్డర్ అంటారు, అంటే ఒకే పనిని ఆపుకోలేక మళ్లీ మళ్లీ చేసే జబ్బు, మనుషుల్లో ఓసీడీకి దగ్గరగా ఉండేది. కొంత పుట్టుకతో కూడా వస్తుంది. పక్కటెముకల కింద చర్మాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించే డాబర్‌మన్‌ల మీద అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ డాక్టర్ నికొలాస్ డాడ్‌మన్, ఆయనతో పనిచేసినవాళ్లు 2010లో ఏడో క్రోమోజోమ్‌లో దీనికి సంబంధం ఉన్న చోటుని గుర్తించారు. షెపర్డ్‌లకి, బుల్ టెరియర్లకి తోక వెంట తిరగడం, లాబ్రడార్లకి కాలి మీద ఒకేచోట పుండు పడేదాకా నాకడం, ఇలా జాతికొకటి ఎక్కువగా చూస్తాం. తోక వెంట తిరిగే కుక్కల మీద 2012లో ఫిన్లాండ్‌లో జరిగిన పరిశోధనలో, ఆ కుక్కల్ని తల్లి నుంచి తొందరగా వేరుచేసిన సంగతి కనపడింది, ఎక్కువవాటికి మూడు నుంచి ఆరు నెలల వయసులోనే మొదలైంది కూడా. మన దేశంలో 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. కానీ ముప్పై, ముప్పైఅయిదు రోజులకే అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేస్తున్నారు, నా కళ్లతో చూస్తున్నాను, చాలా బాధగా ఉంటుంది. మీదాన్ని ఎన్ని రోజులప్పుడు తెచ్చారో గుర్తుంటే డాక్టర్‌కి చెప్పండి.

తిట్టొద్దు, నవ్వొద్దు, వీడియో పెట్టడానికి ఆడించొద్దు. డాక్టర్ కోసం తీసే ఆ ఒక్క వీడియో వేరు. కుక్కకి మన అరుపు కూడా మన పలకరింపే. పొద్దుణ్ణుంచీ ఎవరూ పట్టించుకోని కుక్క గోడ గోకగానే నలుగురూ పరిగెత్తుకొస్తే, గోకితే వస్తారు అని నేర్చుకుంటుంది. పోనీ గట్టిగా కొడితే? నా మొదటి రోజుల్లో ఈ తప్పు నేను చేశాను. తోక వెంట తిరిగే ఒక షెపర్డ్‌కి, అప్పట్లో నాకు నేర్పినట్టే, తిరిగిన ప్రతిసారీ లీష్ గట్టిగా గుంజేవాణ్ణి. నాలుగు రోజుల్లో మా ముందు తిరగడం మానేసింది. ఇంట్లోవాళ్లు సంతోషపడ్డారు, నేనూ గెలిచాననుకున్నాను. రెండు వారాలకి ఫోనొచ్చింది, మంచం కింద దూరి తోక చివర ఎముక కనపడేలా కొరుక్కుందని. లోపల ఉన్న టెన్షన్‌ని నేను తగ్గించలేదు, బయటికి కనపడకుండా చేశానంతే. ఆ కుక్కకి తోక కొంత తీసేయాల్సి వచ్చింది. షాక్ కాలర్ గురించి మీరు అడిగినందుకు ఇది రాస్తున్నాను, వద్దంటే వద్దు.

మరి ఆ క్షణంలో ఏం చేయాలి? గోడ మీదికి ఎగిరాక కాదు, దానికి ముందు మీ చేతిలో కొన్ని క్షణాలుంటాయి. బ్రూనో చెవుల గురించి చెప్పాను కదా, ప్రతి కుక్కకీ అలాంటి గుర్తొకటి ఉంటుంది: మెడ గట్టిపడటం, మూతి మూయడం, కళ్లు ఒక చోటే నిలిచిపోవడం. ఆ గుర్తు కనపడగానే మామూలు గొంతుతో పిలిచి వేరే పని ఇవ్వాలి. ఆ పనిని వెలుగు లేని టైములో ముందే నేర్పి ఉంచాలి. నేను రెండు నేర్పిస్తాను. ఒకటి, మీ అరచేతికి ముక్కు తాకించడం. రెండోది, ఒక పాత దుప్పటి మడిచి దాని మీదికెళ్లి పడుకోవడం. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగైదు నిమిషాలు, ఉడికించిన చికెన్ చిన్న చిన్న ముక్కలతో. పది రోజులు ఇది వంటింట్లో చేయండి, ఆ గోడ దగ్గర కాదు.

ఒకవేళ మీరు చూసేసరికే పరుగు మొదలైపోతే మాట్లాడకుండా కర్టెన్ లాగేయండి, లేదా ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నంతసేపు మూడు నాలుగు అడుగుల తేలికపాటి తాడు బెల్టుకి కట్టి ఉంచి, దాన్ని పట్టుకుని నెమ్మదిగా పక్క గదిలోకి నడిపించండి. ఒంటరిగా వదిలేటప్పుడు ఆ తాడు తీసేయాలి, ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పరుగు ఆగగానే ముద్దు చేసి బిస్కెట్ ఇవ్వడం. అలా చేస్తే పరుగెత్తి ఆగితే బిస్కెట్ అని లెక్క కడుతుంది. పక్క గదిలోకి వెళ్లి, ఒకటి రెండు నిమిషాలు ఊపిరి సర్దుకున్నాక దుప్పటి మీద పడుకోబెట్టి, అప్పుడు ఇవ్వండి.

ఇక రోజు సంగతి. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇక్కడే వస్తుంది, అందరూ తక్కువ పట్టించుకునేదీ ఇదే. షెపర్డ్ అంటే గొర్రెల మందతో పొద్దంతా తిరగడానికి తయారైన కుక్క, దాన్ని పన్నెండు వందల చదరపు అడుగుల్లో పెట్టి రోజుకి రెండుసార్లు పది నిమిషాలు కిందికి తీసుకెళ్తే మిగిలిన శక్తంతా ఏదో ఒక గోడ మీద పడుతుంది. వాకింగ్ పొద్దున ఎండెక్కకముందు ఒక నలభై నిమిషాలు, రాత్రి రోడ్డు చల్లబడ్డాక ఇంకో అరగంట. మీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద అయిదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్కని నడిపించకండి. వాకింగ్‌లో దూరం ముఖ్యం కాదు, ముక్కుకి పని ముఖ్యం. ఒక చెట్టు మొదట్లో మూడు నిమిషాలు వాసన చూస్తానంటే చూడనివ్వండి, గుంజొద్దు. వాసన చూడటంతో కుక్క బుర్ర అలసిపోతుంది, శాంతిస్తుంది.

తిండి గిన్నెలో పెట్టడం మానేయండి. డ్రై ఫుడ్ అయితే పాత టవల్‌లో చల్లి చుట్ట చుట్టి ఇవ్వండి, గుడ్ల అట్టలో పోసి మూసి ఇవ్వండి, అట్ట మింగే అలవాటుంటే ఇది వద్దు. మీరు పెరుగన్నం పెడతారని రాశారు, దాన్ని లిక్ మ్యాట్ అని దొరికే గరుకు రబ్బరు పళ్లెం మీద పలచగా పూసి కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే ఇరవై నిమిషాలు నాకుతూ కూర్చుంటుంది. మీ నోట్‌బుక్‌లో వెలుగు టైము నాలుగింటికి అని తేలితే మూడున్నరకి ఆ పళ్లెం ఇంకో గదిలో ఇవ్వండి. ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, చాక్లెట్ మాత్రం దేనిలోనూ కలవకూడదు. నిద్ర కూడా చూసుకోండి, పెద్ద కుక్కకి రోజుకి పన్నెండు నుంచి పధ్నాలుగు గంటలు కావాలి. హాల్లో టీవీ మధ్య, వచ్చేపోయేవాళ్ల మధ్య దానికి నిద్ర ఉండదు. నిద్రలేని కుక్కలో ఈ పిచ్చి రెట్టింపవుతుంది.

అలసిపోవాలని గంటల తరబడి బంతి విసరొద్దు, ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను. బంతి కూడా ఇంకో వ్యసనం కాగలదు. ఒక లాబ్రడార్ మే నెలలో సాయంత్రం అయిదింటికి బంతి కోసం పరిగెత్తి పరిగెత్తి వడదెబ్బతో పడిపోయింది, నాలుక ముదురు ఎరుపెక్కిపోయి, నడవలేక. బతికింది, కానీ మూడు రోజులు సెలైన్ మీద ఉంది. విసిరిన ప్రతిసారీ వెళ్తోంది కదా, ఇష్టంగా ఆడుతోంది అనుకున్నారు. దానికి ఆగడం రాదు, ఆపాల్సింది మనం. అయిదారు సార్లు విసిరి, “అయిపోయింది” అని ఒకే మాట రోజూ అని, బంతి కనపడకుండా అల్మరాలో పెట్టి, గడ్డిలో గుప్పెడు డ్రై ఫుడ్ గింజలు చల్లి వెతుక్కోమనండి.

మందుల విషయం. ఫ్లూక్సెటిన్, క్లోమిప్రమిన్ అని రెండు ఎక్కువగా వాడతారు. ఇవి మత్తుమందులు కావు. లోపలి ఆరాటాన్ని కాస్త తగ్గించి, మనం నేర్పేది చెవికెక్కేలా చేస్తాయి. పనిచేయడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, వారానికే ఫలితం లేదని మానేయకూడదు, డాక్టర్ చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. మనుషుల మెడికల్ షాపులో దొరుకుతాయి కదా అని మీరే కొని వేయకండి. ఇంకో ముఖ్యమైన మాట: గోమార్లకి (పిడుదులకి) వాడే అమిట్రాజ్ అనే మందుతో ఇవి కలవకూడదు. మన దగ్గర గోమార్లు ఎక్కువ కాబట్టి స్నానం నీళ్లలో కలిపే మందో, మెడ పట్టీయో ఏదో ఒకటి అందరిళ్లలో ఉంటుంది. దాని సీసా పేరు, ఎప్పుడు వాడారో తారీకు డాక్టర్‌కి చూపించండి. మీ కుక్క తిండి మానేసి, రక్తం వచ్చేదాకా గోకుతోంది కాబట్టి మీకు డాక్టర్ మందు రాయొచ్చు. రాస్తే భయపడకుండా వాడండి.

పిల్లలు పెట్టిస్తే తగ్గుతుందన్న మాట నమ్మకండి. తగ్గదు, పైగా ఇది కొంత వంశంలో వచ్చేది కాబట్టి పుట్టే పిల్లలకి కూడా అంటొచ్చు. ఇంకో కుక్కని తోడు తెస్తే రెండోది కూడా నేర్చుకున్న ఇళ్లు చూశాను. తోటకి పంపడం గురించి మీ అత్తగారితో నెమ్మదిగా చెప్పండి. ఆవిడ కూడా దాని బాధ చూడలేకే అంటున్నారేమో. కానీ తెలియని చోట, తెలియని మనుషుల దగ్గర గొలుసుతో కట్టేస్తే ఈ జబ్బు పెరుగుతుంది, తోటలో కూడా నీళ్ల మీద, ఆకుల మధ్య వెలుగే కదా ఉండేది.

ఎంత కాలం పడుతుంది అంటే, ఏడాదిగా నాటుకున్నది కాబట్టి మూడు నుంచి ఆరు నెలలు పెట్టుకోండి. మొదటి రెండు వారాల్లో ఇంకా ఎక్కువైనట్టు కనపడొచ్చు, ఇన్నాళ్లూ అరిచి పరిగెత్తుకొచ్చిన మీరు ఒక్కసారిగా పట్టించుకోకపోతే అది ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది, అక్కడ మెత్తబడకండి. పూర్తిగా సున్నా అవుతుందని నేను మాట ఇవ్వను. చుట్టాలొచ్చినప్పుడు, ఇల్లు మారినప్పుడు, దీపావళి టపాసులప్పుడు మళ్లీ తల ఎత్తుతుంది. బ్రూనోకి ఇప్పుడు ఏడేళ్లు, వాడు కూడా దీపావళి వారంలో ఒకటి రెండుసార్లు ఆ గోడ వైపు చూస్తాడు, “బ్రూనో” అంటే ఇటు తిరిగి దుప్పటి మీదికి వస్తాడు.

వెట్ దగ్గరికెళ్లి వచ్చాక, వారం రోజుల నోట్స్ ఇక్కడే పెట్టండి. టైములతో పాటు ఆ గోడ ఎదుట కిటికీ ఏ దిక్కున ఉంది, దాని బయట ఏముంది అనేది తప్పకుండా రాయండి, ఏది ముందు తీసేయాలో కలిసి చూద్దాం. ఈలోపు గోళ్ల పుండ్లు నాక్కోకుండా డాక్టర్ మెడకి గరాటులాంటి కాలర్ ఇస్తే అది ఉంచండి, అది వేసుకుని తినలేకపోతుంటే మీ చేత్తో పెట్టండి.